ఐదో సాఫ్ట్‌వేర్

నాలుగో సాఫ్ట్‌వేర్‌లో కూడా ఏదో ఒక లోపం దొరక్కపోదు, ఒకవేళ దొరక్కపోతే... ఆ ఆలోచన ఎప్పుడూ అక్కడే ఆగిపోయేది. ఇష్టంలేని పనిని వాయిదా వేసే మనిషి, తాను వాయిదా వేస్తున్నట్టు తనకే తెలియకుండా ఉండటానికి చాలా కష్టపడతాడు. ఆ కష్టంలో సగం పెడితే పని అయిపోతుంది. ఇది ఇప్పుడు రాయగలుగుతున్నాను. ఆ జూలైలో, మాయాబందర్ బస్టాండులో గొడుగు కింద నిలబడి పోర్ట్‌బ్లెయిర్ బస్సు కోసం చూస్తున్నప్పుడు మాత్రం, ఇంట్లో కంప్యూటర్‌కి ఒక మంచి వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఎంచుకోవడం తప్ప నా మనసులో మరేమీ లేదని నమ్మాను.

బస్సు వచ్చాక డ్రైవరు ధనరాజు అద్దం ముందున్న వినాయకుడి బొమ్మ వెనక నుంచి చిన్న కవరు తీసి కిటికీలోంచి అందించాడు. లోపల పెన్‌డ్రైవ్. మా దగ్గర వానాకాలం పెద్ద ఫైలు ఏదీ నెట్‌లోంచి పూర్తిగా దిగదు, సగంలో ఆగిపోతుంది. అందుకని పోర్ట్‌బ్లెయిర్ మిడిల్ పాయింట్‌లో కంప్యూటర్ షాపు నడిపే నాగేంద్ర అక్కడ దింపి, పెన్‌డ్రైవ్‌లో వేసి, తెల్లవారుజాము బస్సుకు ఇచ్చేవాడు. మందులూ కళ్ళజోళ్ళూ పెళ్ళికార్డులూ వచ్చినట్టే మాకు సాఫ్ట్‌వేర్ కూడా అడవి దాటి, ఫెర్రీ ఎక్కి, సాయంత్రానికి తడుస్తూ వచ్చేది.

“వారం వారం వస్తంది. ఏటి భయ్యా ఇది?” అన్నాడు ధనరాజు.

“కత్తెర,” అన్నాను.

“ఇంత సిన్నదా?”

జూన్ మొదటి వానలకు ట్రంకుపెట్టె అడుగు చెమ్మ పట్టిందని నా భార్య సుమ దాన్ని ఖాళీ చేసింది. చీరల కింద, పసిపిల్లలకు పెట్టే ఉన్ని టోపీలో చుట్టిన హార్డ్ డిస్కు ఒకటి బయటపడింది. సుమ దాన్ని మళ్ళీ టోపీలో పెట్టబోయింది. భానుశ్రీ లాక్కుంది. పన్నెండో తరగతి చదివే పిల్ల, దేన్నీ ఊరికే వదలదు. అది కన్నారావు హార్డ్ డిస్కు. కన్నారావు భానుశ్రీ తండ్రి, సుమ మొదటి భర్త. భానుశ్రీకి మూడేళ్ళప్పుడు, ఒక సెప్టెంబరు గాలిలో, అతని డోంగీ, చేపల వేట పడవ, బోల్తాపడింది. నేను ఈ ఊరికి ఉద్యోగం మీద రావడానికి ఐదేళ్ళ ముందు సంగతి అది. అతన్ని నేను చూడలేదు.

“బాబాయ్, ఇందులో పాపా వీడియోలు ఉన్నాయంట. సెప్టెంబర్లో పాపా రోజు వస్తుంది కదా, అప్పటికి ఒక ఫిల్మ్‌లాగా చేసి నానమ్మకి చూపిద్దాం. కట్ చేసి, జోడ్ చేసి, పేరు పెడితే చాలు. సింపుల్‌ది, సస్తాలో, తక్కువలో వచ్చేది ఏదైనా చూడవా?”

ఆఫీసులో నేను కంప్యూటర్ ఆపరేటర్‌ని. ఇంట్లో ఇలాంటివి నన్నే అడగాలి. చూస్తానన్నాను.

గుమ్మం దగ్గర కూర్చున్న దేముడమ్మ తల తిప్పకుండానే అంది. “నాకు సూపించడమేటే? నాకేటి కనబడతాది. ఇనిపించండి, సాలు.”

ఆవిడ కన్నారావు తల్లి. చక్కెర జబ్బు రెండు కళ్ళనూ తినేసింది. వెలుతురు ఎటుందో మాత్రం తెలుస్తుంది. ఏడేళ్ళ కిందట సుమను చేసుకున్నప్పుడు ఆవిడ కూడా మాతోనే ఉంటుందని నేనే అన్నాను. ఊళ్ళో అందరూ మెచ్చుకున్నారు. ఇప్పుడు ఆలోచిస్తే, ఈర్ష్య ఉన్నవాడికి ఔదార్యం సులువుగా అబ్బుతుందనిపిస్తుంది. గెలిచినవాడిలా కనిపించడానికి అంతకంటే దగ్గరి దారి లేదు.

గోడ మీద కన్నారావు ఫొటో ఉంది. చేపల వేట లైసెన్సు మీది బొమ్మను పెద్దది చేయించారు. నోరు బిగించి, ఎవరో ఊపిరి పట్టమన్నట్టు చూస్తుంటాడు. ఏడేళ్ళుగా ఆ ఫొటో కిందే అన్నం తిన్నాను, ఏ ఇబ్బందీ కలగలేదు. ఫొటో కదలదు కాబట్టి. హార్డ్ డిస్కులో అతను కదులుతాడు. నడిచి వస్తాడు, వెనక్కి తిరుగుతాడు, సుమ భుజం మీద చెయ్యి వేస్తాడు. ఆ చెయ్యి ఎలా ఉంటుందో నేను ఆఫీసులో కూర్చుని ఊహించడం మొదలుపెట్టాను. వెడల్పయిన చెయ్యి, వలతాడు కోసుకుపోయిన గీతలతో. నా చేతులు ఎప్పుడూ శుభ్రంగా ఉంటాయి.

ఇంకొకటి కూడా ఉంది. సుమ నన్ను ‘మీరు’ అంటుంది. మొదట్లో కొత్త అనుకున్నాను, తర్వాత గౌరవమనుకున్నాను. అతన్ని ఏమనేదో నాకు తెలియదు. అడగాలనీ అనిపించలేదు. వీడియోలో వినబడుతుందని తెలిసినప్పటి నుంచి, అడిగి తెలుసుకుని ఉంటే బావుండేదనిపించింది.

మొదటి సాఫ్ట్‌వేర్ ఉచితం. కానీ తయారుచేసిన వీడియో మీద, సరిగ్గా మధ్యలో, దాని పేరు పెద్ద అక్షరాలతో పడుతుంది. డబ్బు కడితే పోతుంది. మొహాల మీద ఎవరిదో పేరు ఉంటే ఏం బావుంటుంది అన్నాను. భానుశ్రీ ఒప్పుకుంది. రెండోది చూడటానికి ముచ్చటగా ఉంది, కానీ ఏడాదికోసారి చందా కట్టాలి, పైగా నెలకొకసారి నెట్‌లో హాజరు వేయించుకోకపోతే తెరుచుకోదు. మన ఊళ్ళో ఇది కుదిరే పనేనా అన్నాను. అదీ ఒప్పుకుంది. మూడోది ఒకేసారి కొనుక్కునేది, ధర కూడా అందుబాటులోనే ఉంది. దానితో చాలాసేపు కుస్తీపట్టి చివరికి ఒక లోపం సంపాదించాను. కన్నారావు అని తెలుగులో కొడితే, కింద ఉండాల్సిన ఒత్తు విడిపోయి పక్కన పడుతోంది. భానుశ్రీ తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ కూడబలుక్కుని చదువుతుంది. తనకు ఆ తేడా తెలియలేదు. నేనే వేలు పెట్టి చూపించాను. “మీ పాపా పేరే తప్పు పడుతుంటే ఎలా?” అన్నాను. పిల్ల కాసేపు తెర వంక చూసి, “సారీ బాబాయ్, నేను గమనించలేదు,” అంది.

ఆ సారీ చాలాకాలం నాతో ఉంది.

నాలుగోది ధనరాజు తెచ్చినది. మా కంప్యూటర్ పాతది, అది తెరిస్తే ఫ్యాను విమానంలా మోగి కంప్యూటరే ఆగిపోయింది. నాగేంద్రకు ఫోన్ చేసి కుదరలేదని చెప్పాను.

“నువ్వు సాఫ్ట్‌వేర్ చూస్తన్నావా, పెళ్ళి సంబంధాలు చూస్తన్నావా మోహన్ భయ్యా?” అన్నాడు. “ఒకతి పొట్టి, ఒకతి నల్లన, ఒకతికి కోపం. నీకు కావలసిందేటి? కొయ్యాల, అతికించాల. అంతే కదా? నా షాపుకొచ్చే ముసలాయన మనవడి పుట్టినరోజుది ఒక్క పూటలో చేసేశాడు.”

మా ఫైళ్ళు పాతరకం కెమెరావి, అన్నీ తెరవవు అన్నాను. అలాంటివి తెరిచేది, తక్కువ ధరది, చిన్నది ఒకటి ఉందనీ తర్వాతి బస్సుకు పంపుతాననీ అన్నాడు. తొందరేం లేదన్నాను.

ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగితే సుమ ఉంది. అంగన్‌వాడీ పని నుంచి అప్పుడే వచ్చినట్టుంది, గొడుగు ఇంకా చేతిలోనే ఉంది. నీళ్ళు కారుతున్నాయి.

“మీకు ఇష్టం లేకపోతే చెప్పెయ్యండి,” అంది. “పిల్లకి నేను చెప్పుకుంటాను. నెపం కంప్యూటర్ మీద పెట్టకండి.”

గొంతులో కోపం లేదు. ఇష్టం లేకపోవడానికి నాకేముంది అన్నాను. సుమ గొడుగు మూలన పెట్టి వెళ్ళిపోయింది. ఇష్టం లేదని ఆ పూట చెప్పేసి ఉంటే ఇంత కథ ఉండేది కాదు. కానీ అలా చెప్పినవాడు, చచ్చిపోయినవాడితో తాను పోటీపడుతున్నానని కూడా చెప్పినట్టే. అది ఒప్పుకోవడం కంటే ఇంకో పది సాఫ్ట్‌వేర్లు చూడటం నయమనిపించింది.

ఐదోదానిలో లోపం దొరకలేదు.

చిన్న ఫైలు. కొనాల్సింది ఒకేసారి, నెట్ అక్కర్లేదు. ఎడమవైపు ఫైళ్ళు, కింద ఒక పట్టీ, పట్టీ మీద వీడియో గీతా దాని కింద శబ్దం గీతా. కత్తెర బొమ్మ నొక్కితే తెగుతుంది. పేరు కొడితే ఒత్తు బుద్ధిగా కిందే పడింది. కన్నారావు ఫైళ్ళన్నీ ఒక్కటొక్కటిగా చిన్న చిన్న గళ్ళలో వచ్చి కూర్చున్నాయి. నూట నలభై. భానుశ్రీ చప్పట్లు కొట్టింది. ముందు నేను ఒక్కణ్ణీ చూసి, చీకటివీ చెడిపోయినవీ ఏరేస్తానన్నాను. ఇంట్లో ఎవరికీ ఇబ్బంది లేకుండా హెడ్‌ఫోన్ పెట్టుకుంటానన్నాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం వాన రేకుల మీద దంచుతుండగా చూడటం మొదలుపెట్టాను. పది ఫైళ్ళు చూశాను. ఇరవై. అతను లేడు.

జెట్టీ ఉంది, కర్మతాంగ్ బీచి ఉంది, డోంగీ ముక్కు ఉంది. గిన్నెలో చెయ్యి ముంచుతున్న పసి భానుశ్రీ ఉంది. చూపున్న దేముడమ్మ చేపల మీద ఈగలు తోలుతూ ఉంది. కన్నారావు మాత్రం ఎక్కడా లేడు. ముప్పయ్యోదానికి అర్థమైంది. తీసింది అతనే. కెమెరా ఎప్పుడూ అతని చేతిలోనే ఉంది. ఆ ఇంట్లో ఇంకెవరికీ అది పట్టుకోవడం రాదు. ఒకచోట ఇసుక మీద పొడుగాటి నీడ, ఇంకోచోట తెర అంచున బొటనవేలు, అంతే. నేను నెలన్నరగా భయపడిన చెయ్యి ఎక్కడా లేదు.

తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాను. లేచి మంచినీళ్ళు కూడా తాగి వచ్చాను.

నలభై రెండోదానిలో సుమ ఉంది. ఇరవై రెండేళ్ళుంటాయేమో. పెరట్లో కూర్చుని చేప పొలుసు తీస్తోంది, జుట్టు మొహం మీద పడుతుంటే మోచేత్తో తోసుకుంటోంది. హెడ్‌ఫోన్‌లో, నా చెవి లోపలే ఉన్నట్టు, ఒక మగ గొంతు వినిపించింది.

“ఒలే, ఇటు సూడు. సూడే. నవ్వకు. నువ్వు నవ్వితే నాకు నవ్వొస్తది, నాకు నవ్వొస్తే కెమెరా ఊగిపోద్ది.”

“నువ్వు పో అవతలికి. పనీపాటా లేదు నీకు,” అంది సుమ. తలెత్తి చూసింది.

ఆ చూపు గురించి రాయడం నాకు చేతకాదు. సుమ నన్ను ప్రేమగానే చూస్తుంది. జ్వరం వస్తే కంగారుగా చూస్తుంది, జీతం రోజున నవ్వుతూ చూస్తుంది. ఇది వేరు. ఎదుటి మనిషి ఉన్నాడా పోతాడా అనే అనుమానమే ఎరగని చూపు. అతను కెమెరా వెనక నిలబడ్డాడు. ఇప్పుడు ఆ చోట్లో నేను కూర్చున్నాను. అందువల్ల ఆ చూపు సూటిగా నా మొహం మీద పడుతోంది. ఏడేళ్ళుగా కావాలనుకున్నది నాకు అందుతోంది, ఇంకొకరి పేరు మీద వచ్చిన ఉత్తరంలా.

తెర ఊగింది. అతను నవ్వుతున్నాడు.

ఆ ఫైలు ఎన్నిసార్లు చూశానో చెప్పను. ఆ తర్వాతి రెండు వారాల్లో పెరట్లోని ఆ మధ్యాహ్నం నాకు నా సొంత పెళ్ళిరోజు కంటే బాగా గుర్తుండిపోయింది. ఆ తర్వాత పని మొదలుపెట్టాను. ఐదో సాఫ్ట్‌వేర్‌లో ఒక సదుపాయం ఉంది. ఊగుతున్న వీడియో మీద ఒక గుర్తు పెడితే, అది లెక్కలు వేసుకుని ఊపు తీసేస్తుంది. ఎవరైనా చేసే పనే. నేను నూట నలభైకీ ఆ గుర్తు పెట్టాను. సుమ మొహం స్టాండు మీద పెట్టి తీసినట్టు నిలకడగా నిలిచింది. అతని నవ్వు బొమ్మలోంచి పోయింది. గొంతు మిగిలింది. దానికింకా సులువు. శబ్దం గీత పక్కన చిన్న స్పీకరు బొమ్మ ఉంటుంది, దాని మీద ఒక్కసారి నొక్కితే చాలు. పైన సాఫ్ట్‌వేర్‌తో పాటే వచ్చిన వేణువు పాట పరిచాను.

ఆగస్టు చివర్లో భానుశ్రీ అడిగింది. పాపా గొంతు ఉందా, ఎలా ఉంది, నాలాగా ఉందా అని. అప్పటికి నేను జవాబు సిద్ధం చేసుకునే ఉన్నాను.

“గాలీ, ఇంజను చప్పుడూ తప్ప ఏమీ లేదమ్మా. అప్పటి కెమెరాలు అంతే. అందుకే పాట పెట్టాను.”

పిల్ల నమ్మింది. సాఫ్ట్‌వేర్ల గురించి నేను చెప్పినవన్నీ నమ్మినట్టే.

సెప్టెంబరు పదో తారీఖు కన్నారావు వర్ధంతి. ఆ రోజు సాయంత్రం జెట్టీ దగ్గర అన్నం నీళ్ళలో వదలడానికి వెళ్ళే ముందు వేద్దామనుకున్నారు. వారం ముందే ఒకసారి చూద్దామంటే వేశాను. పద్దెనిమిది నిమిషాలు. భానుశ్రీ తన చిన్నప్పటి బొద్దు మొహం చూసి నవ్వింది, డోంగీ రాగానే నానమ్మ చెయ్యి పట్టుకుంది. దేముడమ్మ తెర వెలుతురుకి ఎదురుగా మొహం పెట్టి, వేణువు వింటూ చివరిదాకా కూర్చుంది. సుమ నిలబడే చూసింది. పెరట్లో చేప పొలుసు తీస్తున్న తన పెదవులు చప్పుడు లేకుండా కదలడం చూసింది. అప్పుడు తనేమందో తనకు గుర్తుండే ఉంటుంది.

అయిపోయాక నా వైపు తిరిగింది.

“ఇంజను చప్పుడా?” అంది.

అవునన్నాను. మా పెరట్లో ఇంజను లేదు, ఎప్పుడూ లేదు. సుమ వంటింట్లోకి వెళ్ళిపోయింది. దేముడమ్మ మాత్రం, “పోన్లే బాబూ, కష్టపడ్డావు,” అంది.

ఆ వారమంతా సుమ నాతో మామూలుగానే ఉంది. అడిగినదానికి జవాబు చెప్పింది, అన్నం పెట్టింది. మీరు తిన్నారా, మీ గొడుగు తీసుకెళ్ళండి. ఒక్కో ‘మీరు’ నాకూ తనకూ మధ్య ఒక మెట్టులా అనిపించేది. నేరం మోసేవాడికి ప్రతి మర్యాదా తీర్పులాగే వినబడుతుంది. నిజానికి తను ఏడేళ్ళుగా అంటున్నదే అంటోంది.

తొమ్మిదో తారీఖు మధ్యాహ్నం. గాలివాన హెచ్చరిక ఉందని ఆఫీసు ముందే వదిలేశారు. ఇంటికొచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాను, పేరు అక్షరాలు కొంచెం పెద్దవి చెయ్యాలని నెపం పెట్టుకుని. హెడ్‌ఫోన్ తగిలించాను. వంటింట్లో సుమ బియ్యం కడుగుతోంది. భానుశ్రీ వాకిట్లో తడిసిన బట్టలు తీస్తోంది. దేముడమ్మ నా కుర్చీ చప్పుడు విని, గోడ పట్టుకుని వచ్చి పక్కన పీట మీద కూర్చుంది. ఆవిడ మాట్లాడబోతోందని ఒక చెవి మీది హెడ్‌ఫోన్ పక్కకి జరిపాను.

“అమ్మా, అన్నం తిన్నావా?” అని అడిగాను. రోజూ అడిగేదే.

ఆవిడ నవ్వింది. “తిన్నాను బాబూ. నీతో ఒకటి సెప్పాల. తప్పనుకోకు.” పీట నా వైపు జరుపుకుంది. “ఆడి గొంతు మరిసిపోనాను. మూడేళ్ళయింది. మొగం ఉంది, నడక ఉంది, గొంతు నేదు. గుర్తు సేసుకుందారనీసి కళ్ళు మూసుకుంటే నీ గొంతు వస్తంది. ఆడే వచ్చి, ‘అమ్మా, అన్నం తిన్నావా’ అంటాడు. మాట ఆడిది, గొంతు నీది. అందికే అడిగినాను పిల్లని, ఇనిపించమనీసి. ఇంజను తినీసినాదంటే ఎవులేటి సేస్తారు. నువ్వేటి సేస్తావు.”

ఇదంతా ఆవిడ ఫిర్యాదుగా చెప్పలేదు. పెరిగిన గోళ్ళ గురించో, అయిపోయిన మాత్రల గురించో చెప్పినట్టు చెప్పింది.

ఏడేళ్ళుగా నాకు కావలసింది సరిగ్గా ఇదే. ఆ మనిషి ఈ ఇంట్లోంచి పూర్తిగా పోవాలి, అతని చోట్లో నేనుండాలి. అతని తల్లి తలలో కూడా. అది ఎప్పుడో అయిపోయింది, నేను వెతుక్కోకుండానే, అన్నం తిన్నావా అని అడగడం వల్ల. గెలుపు ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. ఒక ముసలామె కళ్ళు మూసుకుని కొడుకుని పిలుస్తుంటే, ప్రతిసారీ నేను తలుపు తీస్తున్నాను.

తెర మీద నా పద్దెనిమిది నిమిషాల ఫిల్మ్ ఉంది. దాన్ని మూసేశాను. ఎడమవైపు గళ్ళలోకి వెళ్ళి, అరవై ఏడో ఫైలు వెతికాను. అందులో దేముడమ్మ గడప మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తుంటుంది. “అమ్మా, ఇటు సూడే, నిన్ను సినిమాలో ఏత్తన్నాను,” అని అతను అంటాడు. ఆవిడ వెల్లుల్లి రెబ్బ ఒకటి కెమెరా మీదకి విసురుతుంది. తెర ఊగుతుంది, చాలాసేపు ఊగుతుంది. ఎడమవైపున్నవి అసలు ఫైళ్ళు, నేను పెట్టిన కోతలూ గుర్తులూ వాటిని తాకవు. ఉన్నది ఉన్నట్టు తెరిచాను.

హెడ్‌ఫోన్ పెడితే మూగబోయే స్పీకర్ల మీద సుమ మళ్ళీ కప్పిన గుడ్డ ఉంది. పక్కకి తీశాను. వంటింట్లో నీళ్ళ చప్పుడు ఆగింది.

దేముడమ్మ మొహం కిటికీ వైపు, వెలుతురు ఉన్న వైపు ఉంది.

ఫైలు నడవడం మొదలైంది. జరపని చెవిలో అతను ఊపిరి తీసుకున్న చప్పుడు వినిపించింది. మాట ఇంకా మొదలవలేదు. నేను చెయ్యి చాచి, కంప్యూటర్‌కి గుచ్చి ఉన్న హెడ్‌ఫోన్ వైరు పట్టుకుని లాగేశాను.